వెచ్చటి సంబంధం

పొగలోంచి దగ్గు వినిపించింది గానీ మనిషి కనబడలేదు. టెల్లెర్వో గుమ్మంలోనే నిలబడి బూట్లకంటిన మంచు దులుపుకుంటూ, “ఉర్పో గారేనా?” అంది.

“నేనేనమ్మా. లోపలికి రండి. తలుపు మాత్రం కాసేపు మూయకండి, ఊపిరాడక పోతాం.”

పొగ పలచబడ్డాక, ఇనప పొయ్యి ముందు మోకాళ్ళ మీద కూర్చున్న పొడుగాటి మనిషి బయటపడ్డాడు. మీసాల మీద మంచు ఇంకా కరగలేదు. పొయ్యిలో పచ్చి కొమ్మలు బుసలు కొడుతున్నాయి.

ఆమె కూతురు సన్నిని చేసుకోబోయే యల్మరికి తండ్రి ఈయన. పిల్లలిద్దరూ ఒకే బడిలో పాఠాలు చెబుతారు. పెద్దవాళ్ళు ఇంతవరకూ ఒకరి మొహం ఒకరు చూడలేదని, అడవి మధ్యనున్న ఈ చెక్క ఇంటికి ఇద్దర్నీ రమ్మని కబురు పెట్టారు. తాము బడి వదిలాక వస్తామన్నారు. ఆమెని తీసుకొచ్చిన మంచుబండివాడు గుమ్మం దగ్గర దింపేసి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు.

టెల్లెర్వోకి ఈ సంబంధం ఇష్టం లేదు. ఉర్పో పరమ పిసినారి అనీ, వాడేసిన కాఫీపొడినే మర్నాడు మళ్ళీ మరిగిస్తాడనీ ఎవరో ఆమె చెవిన వేశారు. పచ్చి కొమ్మల్ని చూడగానే ఆ మాట నిజమే అనిపించింది.

“ఎండు కట్టెలు లేవా అన్నయ్యగారూ?”

“వెనక కొట్టు నిండా ఉన్నాయి. సందులోంచి కనిపిస్తున్నాయి కూడా. తాళం వేసుంది.” ఉర్పో ఆమె మొహంలోకి చూసి, ఏదో అడగబోయి ఆగిపోయాడు.

తాళంచెవి మరిచిపోయి వచ్చి, చెప్పుకోలేక సిగ్గుపడుతున్నాడని ఆమెకి అర్థమైంది. ఎంత పిసినారైనా జాలేసింది.

“పోనీలెండి. తాళంచెవి మరిచిపోవడం ఎవరికైనా జరిగేదే,” అంది.

“అవునమ్మా. అందులో తప్పేముంది,” అన్నాడాయన ఎంతో దయగా.

బయట సున్నాకి ముప్పై డిగ్రీల కింద ఉంది. లోపల అంతకంటే పెద్ద నయం లేదు. ఆమె తెచ్చిన రై పిండి రొట్టె రాయిలా బిగుసుకుపోతే, ఉర్పో పొయ్యి పక్కనున్న గొడ్డలితో దాన్ని రెండు చేసి, పెద్ద ముక్క ఆమెకిచ్చాడు. ఇద్దరూ చెరో వైపు కూర్చుని చప్పుడు చేస్తూ కొరికారు. ఎంతసేపటికీ ఎవరూ మాట్లాడలేదు. ఆ ప్రాంతంలో అది మర్యాదే.

చివరికి ఉర్పో గొంతు సవరించుకున్నాడు. “చెల్లెమ్మా, ఏమీ అనుకోకండి. ఆ ముక్కాలి పీటకి కాలు ఊడేలా ఉంది కదూ?”

కాలు శుభ్రంగా ఉంది.

“ఊడేలాగే ఉంది,” అంది టెల్లెర్వో, పళ్ళు టకటకలాడుతుంటే.

“మరి వేసేద్దామా?”

“మీ ఇష్టం అన్నయ్యగారూ.”

“నా ఇష్టం కాదమ్మా, మీరు సరేనంటేనే.”

“నాదేముంది. వేసేయండి.”

పీట భగ్గున అంటుకుంది. కాళ్ళవేళ్ళకి ప్రాణం వచ్చింది. కానీ గోడలు వారం రోజుల చలి తాగి ఉన్నాయేమో, పీట బూడిదయ్యేసరికి మళ్ళీ మొదటికొచ్చింది.

“ఆ అరలు కాస్త పాతబడ్డాయి,” అన్నాడు ఉర్పో.

“బాగా పాతబడ్డాయి.”

అరల తర్వాత కుర్చీలు వెళ్ళాయి. ప్రతిదానికీ ఆయన వినయంగా అడిగేవాడు, ఆమె మొహమాటంగా సరేననేది. సొంత ఇంట్లో కూడా ఇంత వినయమేమిటో అని ఆమెకి ముచ్చటేసింది. వచ్చినవాళ్ళు వణుకుతున్నారని కుర్చీలు విరగ్గొట్టుకునే మనిషినా పిసినారి అన్నారు? ఆ నోళ్ళు పడిపోను.

“మా సన్ని మొండిది, ముందే చెబుతున్నా,” అంది.

“మావాడు బద్ధకస్తుడు. సరిపోతారు,” అన్నాడు ఉర్పో బల్ల కాలు విరుస్తూ. “మీలాంటి పెద్ద మనసు నేనెక్కడా చూడలేదమ్మా.”

చలిలో సణగకుండా కూర్చున్నందుకే ఇంత మెచ్చుకుంటున్నాడని ఆమె మురిసిపోయింది.

ఇక మిగిలింది గోడవారనున్న పొడుగు బెంచీ. దాని వీపు నిండా రెయిన్‌డీర్ల మందని చెక్కారు. ఒక్కో కొమ్మూ విడిగా కనిపిస్తోంది. ఉర్పో అడుగుతున్నట్టు ఆమెకేసి చూస్తూ దానివైపు చెయ్యి చాపాడు.

“అది మాత్రం వద్దు,” అంది టెల్లెర్వో. “ఎవరో ప్రాణం పెట్టి చేసింది.”

ఉర్పో కాలినట్టు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మొహం ఎర్రబడింది. “తప్పైపోయిందమ్మా. నేనసలు అడగాల్సింది కాదు.”

మనస్ఫూర్తిగా ఇస్తుంటే కాదని ఆయన్ని నొప్పించానే అనుకుంది టెల్లెర్వో. ఇంకేం మాట్లాడకుండా లేచి, గొడ్డలి అందుకుని, మొదటి దెబ్బ తనే వేసింది. రెయిన్‌డీర్లు చెల్లాచెదురయ్యాయి.

ఉర్పో కళ్ళు తుడుచుకున్నాడు. పొగకి కాదు.

పిల్లలు వచ్చేసరికి ఇంట్లో ఎండాకాలం నడుస్తోంది. కిటికీ తెరిచి ఉంది. వియ్యాలవారిద్దరూ కోట్లు విప్పి, చొక్కా చేతులు మడిచి, చెమటలు కక్కుతూ నేలమీద కూర్చున్నారు. పెళ్ళి జూన్‌లో అని ఖాయం చేసేశారు.

గుమ్మంలో సన్ని నోరు తెరిచి నిలబడింది. ఆమె వెనకున్న యల్మరి చేతిలో సూప్ గిన్నె ఒరిగిపోయింది. వాళ్ళ వెనక గొర్రెతోలు కోటు వేసుకున్న ఒక పెద్దావిడ, చేతిలో తాళంచెవుల గుత్తితో.

“మా హెడ్‌మిస్ట్రెస్ గారు,” అంది సన్ని సన్నగా.

“రండమ్మా, చలికాచుకోండి,” అంది టెల్లెర్వో.

ఆవిడ నాలుగు గోడలకేసీ నెమ్మదిగా చూసింది. “ఈ ఇంట్లో సామానంతా ఎవరు తగలేశారు?” అంది.

టెల్లెర్వో నవ్వింది. ఉర్పో కూడా నవ్వాడు.

“ఇల్లు వారిదేగా, వారినే అడగండి,” అన్నారిద్దరూ ఒకేసారి, ఒకరినొకరు చూపిస్తూ.