కొరుకుతాండాది

తెల్లవారేసరికి ఆకాశం నిండా మబ్బు పట్టింది. పడమటి గాలి ఒక్కసారి విసిరిందంటే చినుకు రాల్చకుండానే చెదిరిపోయే మబ్బు. మబ్బు పట్టిన పొద్దల్లా ఉరుకుందు ఎడమ భుజం అతన్ని బతకనివ్వదు. కర్నూలు ఆసుపత్రి వసారాలో ఆ భుజాన్ని అదిమిపట్టుకుని కూర్చున్నాడు. ఎదురుగా డాక్టరు.

“పోటా? సలుపా? మంటా?”

“యాదీ కాదు సార్. కొరుకుతాండాది.”

డాక్టరు నవ్వాడు. “ఇనుము కొరుకుతుందటయ్యా? బర్మాలో ఫిరంగి గుండు పేలినప్పుడు దూరిన ముక్క అది. ఇన్నేళ్లూ ఊరుకుంది, ఇప్పుడు చీము పట్టింది. తీయకపోతే చెయ్యి పోతుంది. ఇంకా ఆలస్యం చేస్తే మనిషే పోతాడు.”

“పోతే పోనీ సార్. తీయొద్దు.”

పక్కనున్న పెళ్లాం మద్దమ్మ ముందుకొచ్చింది. మొగుణ్ణి బతిమాలి, తిట్టి, చివరికి బండెక్కించి తెచ్చింది ఈ మాట వినడానికి కాదు. “ఏమయ్యా, నన్ను ముండమోపిని చేయాలనేనా? మిలిట్రీలో సావకుండా వచ్చిండేది ఇంట్లో కుళ్లి సచ్చేదానికా?”

ఉరుకుందు ఆమెవైపు చూడలేదు. అతని చూపు వసారా చివర రొట్టెల మూట ఒళ్లో పెట్టుకుని కూర్చున్న మహాదేవమ్మ మీద ఉంది. ఆమె కొడుకు కంబన్న ఇతనితోపాటే పటాలంలో చేరాడు. తిరిగి రాలేదు. “నా కొడుకుంటే తోడొచ్చేటోడు గదా” అని ఎవరూ పిలవకుండానే ముసలామె బండెక్కి కూర్చుంది.

ఆమె లేచి వచ్చి ఉరుకుందు పక్కన చతికిలబడింది.

“నొప్పి మరుస్తాది గానీ, మళ్లా సెప్పు నాయనా. కంబన్న ఎట్ల పోయినాడు?”

ఎన్నోసారో. అయినా ఉరుకుందు చెప్పాడు. “జరమొచ్చింది పెద్దమ్మా. నా తొడ మీద తల పెట్టుకోని పండుకున్యాడు. నిద్రపోయినట్టే పోయినాడు. ఒంటి మీద గీత గూడ ల్యాదు. కట్టెల మీద పెట్టి కాల్చినాము.”

“అంతేలే. సుకంగా పోయినాడు.” ముసలామె కొంగుతో కళ్లు తుడుచుకుని, అంతలోనే నవ్వింది. “యా ముడైనా పండ్లతోనే ఇప్పేటోడు మొండోడు. బొక్కెన తాడు ముడి కొరికి ముందుపన్ను సగానికి ఇరగ్గొట్టుకున్యాడు. బుద్దొచ్చిందా? మిగిల్నె సగంతో మళ్లా కొరికేటోడు!”

ఉరుకుందు భుజాన్ని ఇంకా గట్టిగా అదుముకున్నాడు.

డాక్టరు స్టూలు లాక్కుని అతనికి దగ్గరగా కూర్చున్నాడు. గొంతు తగ్గించాడు. “చదువుకున్నది చెప్పాను. భుజం నీది. ఇప్పుడు నువ్వు చెప్పు. దేనికి భయం? కత్తికా, మత్తుమందుకా?”

“బయటికొచ్చేదానికి సార్.”

డాక్టరుకు అర్థం కాలేదు. మద్దమ్మకూ కాలేదు.

“అది నా చేతికే ఇస్తారా?” అన్నాడు ఉరుకుందు. “ఎవురూ సూడగూడదు. మా ఆడమనిషి గూడ.”

“నీ ఒంట్లోంచి వచ్చేది నీకే. మాట ఇస్తున్నాను.”

ఉరుకుందు తల ఊపాడు.

అతన్ని లోపలికి తీసుకుపోయాక గాలి లేచింది. మబ్బు విడిపోయి ఎండ వసారాలోకి పాకింది. నర్సు కృపమణి బయటికొచ్చేసరికి మద్దమ్మ లేచి నిలబడి ఉంది.

“భయం లేదమ్మా, గండం గడిచింది. ఇంకా మత్తులో ఉన్నాడు.” నర్సు చేతిలో గట్టిగా ముడివేసిన చిన్న తెల్లగుడ్డ మూట. “లోపల ఏముందో నేనూ చూడలేదు. అతని పిడికిట్లో పెడితే జారిపోతోంది. భార్యకు కూడా చూపొద్దన్నాడట. తల్లి ఎవరు?”

“నేనే తల్లిని” అంది మహాదేవమ్మ, చెయ్యి చాచి.

మద్దమ్మ అత్త పోయి చాలా కాలమైంది. ఆ మాట చెప్పబోయి ఊరుకుంది. ఈ ముసలామెను ఏమని కాదనాలి?

నర్సు వెళ్లిపోయింది. “నా కొడుక్కు తగలని ఇనుము ఎట్లుంటాదో సూస్తా” అంటూ మహాదేవమ్మ ముడి మీద గోరు ఆనించింది. రాలేదు. నోటితో పట్టి పండ్లతో లాగింది. గోడవైపు తిరిగి, గుడ్డ విప్పి, వంగి చూసింది.

అట్లాగే వంగి ఉండిపోయింది.

“ఏముండాది అత్తా?”

“ఏముంటాది.” ఆమె గుడ్డను మళ్లీ ముడివేసి రొండిన దోపుకుంది. “ఇనుమే.”

సాయంత్రం ఉరుకుందుకు మెలకువ వచ్చింది. కళ్లు తెరవకముందే కుడి చెయ్యి పక్కమీద వెతికింది.

“యాడ అది?”

“మహాదేవమ్మత్త కాడ ఉండాది” అంది మద్దమ్మ.

అతని మొహం సున్నం కొట్టిన గోడలా అయిపోయింది. మూసిన కళ్లలోంచి నీళ్లు చెవుల్లోకి కారాయి. ముసలామె కూడా ఆ పూటంతా మంచం దగ్గరికి రాలేదు.

మరునాడు పొద్దెక్కాక కూడు తినొచ్చన్నారు. మహాదేవమ్మ రొట్టెల మూటతో వచ్చి మంచం పక్కన నేలమీద కూర్చుంది. ఉరుకుందు దిగి ఆమె ముందర తల వంచుకుని కూర్చున్నాడు.

“పెద్దమ్మా, నేను...”

“ఊరుకో నాయనా.” ఆమె అతని కట్టు మీద అరచెయ్యి ఆనించింది. “ఇంగా కొరుకుతాండాదా?”

“లేదు.”

“ఇంగ కొరకడులే.”

ముసలామె నోరు జారిందనుకుంది మద్దమ్మ.

మహాదేవమ్మ మోదుగాకులు పరిచింది. ఒకటి ఉరుకుందుకు, ఒకటి మద్దమ్మకు, ఒకటి తనకు. ఆగి, ఇంకొకటి వేసింది. అందరికీ జొన్నరొట్టె, చెనిక్కాయల పచ్చడి పెట్టింది. ఆ చివరి ఆకులో మాత్రం రొట్టెను మజ్జిగలో నానబెట్టి, పసిబిడ్డకు కలిపినట్టు మెత్తగా పిసికి పెట్టింది. రొండినున్న మూట తీసి, ముడి విప్పి, దాని పక్కన పరిచింది.

ముగ్గురూ తిన్నారు. ఎవరూ ముట్టని ఆకు పక్కన, తెల్లగుడ్డ మీద, సగానికి విరిగిన ముందుపన్ను ఉంది.