బావి దగ్గరి పులి

“పులీ లేదు, పిల్లీ లేదు! ఇది నీ పనే!” అంటూ పెద్దాయన వడ్రంగి చొక్కా పట్టుకున్నాడు.

వడ్రంగిది పక్కిల్లు. పొద్దున్నే కేకలు వినిపించి, ఏం కొంప మునిగిందోనని పరిగెత్తుకొచ్చిన పాపానికి దొరికిపోయాడు. పెద్దాయన రైళ్ళలో టికెట్లు తనిఖీ చేసి రిటైరైన మనిషి. ఉద్యోగం వదిలింది గానీ అనుమానం వదల్లేదు. ఎదురుపడ్డ ప్రతివాడూ ఆయన కంటికి టికెట్ లేనివాడే.

బావి చుట్టూ తడిమట్టిలో పెద్ద పెద్ద పంజా గుర్తులు. నిన్న చీకటిపడే వేళ వాటిని చూడగానే, అరటిచెట్ల మధ్య వేసుకున్న మంచం, పక్క అక్కడే వదిలేసి పెద్దాయన ఇంట్లోకొచ్చి గడియ పెట్టుకున్నాడు. తెల్లారాక మళ్ళీ బావి దగ్గరికి వెళ్ళి చూస్తే అనుమానం వచ్చింది.

“నేనేం చేశాను బాబాయ్?”

“గెలలు పక్వానికొచ్చాయి. నేను బయట పడుకుని కాపలా కాస్తుంటే నీకు కాళ్ళూ చేతులూ ఆడటం లేదు. నన్ను లోపలికి తోలేసి అవి నరుక్కుపోదామని, చెక్కతో పులి పాదం చేసి ఇక్కడ అద్దావు!”

“అయ్యో రామా! ఒక్క గెలైనా పోయిందా?”

“ఇక్కణ్ణుంచి చూస్తే అన్నీ ఉన్నట్టే ఉన్నాయి. ఈ రాత్రికి ముహూర్తం పెట్టుకున్నావేమో, నాకేం తెలుసు? ఇటు చూడు. వేళ్ళన్నీ ఒకే వైపుకి వాలాయి. నాలుగూ కుడికాళ్ళే ఉన్న పులిని ఎక్కడైనా చూశావా?”

వడ్రంగి వంగి చూశాడు. నవ్వాపుకోలేకపోయాడు.

“నిజమే బాబాయ్. కానీ నేను చేస్తే ఇలా ఏడుస్తుందా? జత కుదరకుండా నేను కిటికీ రెక్క కూడా బిగించను. దొంగ అను, పడతాను. పని రానివాడంటే మాత్రం ఊరుకోను.”

“దొంగవే! పద, పోలీస్ స్టేషన్‌కి.”

వడ్రంగి మొహంలో నవ్వు చచ్చిపోయింది. “పిన్నీ, నువ్వైనా చెప్పు. పోలీసుల దాకా వెళ్ళానంటే రేపు నన్నెవరు గుమ్మం ఎక్కనిస్తారు? నా పిల్లలు ఏం తింటారు?”

పెద్దావిడ వంటింటి గుమ్మంలో నిలబడి ఇదంతా చూస్తూనే ఉంది. తడిచేతులు తుడుచుకుని మెట్లు దిగింది.

“వాణ్ణి వదలండి.”

“నువ్వు నోరు మూసుకో. వీడి సంగతి నీకు తెలీదు.”

“వాడి సంగతి తెలీదేమో, నా సంగతి నాకు తెలుసు. అవి వేసింది నేను.”

ఆవిడ బావి పక్కన కూర్చుని కుడిపిడికిలి బురదలో అదిమింది. దాని పైన వేళ్ళ కొసలతో నాలుగు గుంటలు నొక్కింది. అచ్చం పులి పంజాయే. పెద్దాయన చేయి వడ్రంగి చొక్కా మీంచి దానంతటదే జారిపోయింది.

“ఎందుకే?”

“ఎందుకా? ఆ మంచులో పడుకుని తెల్లవార్లూ మీరు దగ్గుతుంటే, లోపల నాకు ప్రాణం పోతోంది. డాక్టరు చెప్పాడు, నేను చెప్పాను. ఆ గోడకి చెప్పుకున్నా కరిగేది. మనిషి మాట వినని మహానుభావుడు పులి మాటైనా వింటాడేమోనని...” ఆవిడ బురదచెయ్యి కొంగుకి తుడుచుకుంది. “అరటిపళ్ళు పోతే పీడాపాయె. మీరు పోతే నేనేం కావాలి?”

వడ్రంగి మొహం పక్కకి తిప్పుకున్నాడు. పెద్దాయన సంతోషం మాత్రం పెద్దాయనది. పట్టేశాడు కదా!

“చూశావురా! పులి కాదని నేను చెప్పానా లేదా? నా కళ్ళలో దుమ్ము కొట్టడం మీ తరం కాదు.”

“నువ్వు పట్టుకున్నది నన్ను కదా బాబాయ్!”

“అది వేరే సంగతి. నీ మీద అనుమానం అలాగే ఉంది.”

ఆయన మీసం దువ్వుకున్నాడు. కాలితో ఆ గుర్తులన్నీ చెరిపేస్తూ భార్యకి పని పురమాయించాడు. “పులే లేనప్పుడు నేను లోపలెందుకు? ఈ రాత్రికి పడక బయటే. వెళ్ళి ఆ పక్క దులిపి ఎండలో వెయ్యి.”

“మీరూ, మీ మొండితనమూ! ఎవరి ఖర్మ ఎవరు మారుస్తారు?” అని కళ్ళు తుడుచుకుంటూ ఆవిడ అరటిచెట్ల మధ్యకి వెళ్ళింది.

పెద్దాయన విజయగర్వంతో నవ్వబోయాడు. దగ్గొచ్చింది. వడ్రంగి బావిలోంచి చేదతో నీళ్ళు తోడి ఇచ్చాడు. తాగి, మూతి తుడుచుకుని ఆయన చెవి ఒగ్గి విన్నాడు. పక్క దులుపుతున్న చప్పుడేదీ రావడం లేదు.

“ఏమే! ఇంకా ఏం చేస్తున్నావ్ అక్కడ?”

“ఏమండీ...” ఆవిడ గొంతు వణుకుతూ వచ్చింది. “బావి దగ్గరవి నేనే వేశాను గానీ, ఈ పరుపు చీల్చింది మాత్రం నేను కాదండీ!”