తాతగారి పేరు

“మా ఆయన శిబిరానికి రాలేదండీ! ఇంకా ఏటి మధ్య లంకలోనే, ఇంటికప్పు మీద ఉన్నారు,” అంది ఆదిలక్ష్మి, వరద సహాయ కేంద్రం బల్ల మీదకి వంగి.

బల్ల వెనక కూర్చున్న కీర్తి కంప్యూటర్ చూసింది. “గెద్దాడ వీరరాఘవులు గారు పొద్దున్నే శిబిరానికి చేరేరండీ. అందుకే పడవవాళ్ళకిచ్చిన జాబితాలోంచి పేరు పోయింది.”

“ఆయన మా బావగారండీ, పెదమావగారబ్బాయి. తాతగారి పేరు మనవలిద్దరికీ పెట్టేరు. మీ కంప్యూటర్‌కి మా బావగారూ, మా ఆయనా ఒకరేనేంటండీ?”

ఇంటిపేరు, పేరు, ఊరు కలిస్తే మనిషి ఒకరేనని ప్రోగ్రాం రాసింది కీర్తే.

ఫోన్ చేసి, తిరిగొస్తున్న పడవను మళ్ళీ లంకకి పంపించింది.

“నీళ్ళు చూరు దాకా వచ్చేసేయండీ. ఆయన అందుతారా?” అంది ఆదిలక్ష్మి.

కీర్తి, శిబిరానికి చేరారంటూ ప్రోగ్రాం తీసేసిన పేర్లన్నీ తెరిచింది. ఆ ఊరివి ఇంకా పదకొండున్నాయి. తెరను ఆదిలక్ష్మి వైపు తిప్పింది.

“వీళ్ళలో ఇలా ఒకే పేరున ఇద్దరున్నారేమో చూడండమ్మా.”

ఆదిలక్ష్మి కళ్ళు తుడుచుకుంది. మొదటి పేరు మీదే ఆమె వేలు ఆగిపోయింది.

“వీళ్ళూ ఇద్దరేనండీ.”