ఫస్ట్ క్లాస్ కండిషన్

“ఆ పౌడరు మెడ వెనక్కి కూడా కాస్త రాయి,” అన్నాడతను తల వంచి.

“దద్దుర్ల మీద పౌడరు రాస్తే మండదూ?” భార్య విసుక్కుంది. “డాక్టరమ్మకి ఉన్నదున్నట్టు చెబితే మీ సొమ్మేం పోతుంది?”

“పోయేది సొమ్ము కాదే, నేను!”

ఆసుపత్రి ముందు ఆపిన కార్లోనే ఈ ముస్తాబంతా. అతనిది పాత కార్ల వ్యాపారం. సొట్టలకు రంగేసి, ఇంజను మూలుగు బయటికి రాకుండా చేసి, ఎన్ని బళ్లను సాగనంపాడో లెక్కలేదు. ఇప్పుడు అమ్ముడుపోవాల్సింది తనే. ఊపిరితిత్తుల్లో స్మాల్ సెల్ క్యాన్సరు మొదటి మందులకు జడిసినట్టే జడిసి, కొన్నాళ్లకే తిరిగొచ్చి తిష్ఠ వేసింది. ఇక మిగిలిన దారి ఈ ట్రయల్ ఒక్కటే. ఇంకా పేరైనా పెట్టని కొత్త మందు. చేర్చుకునేటప్పుడు డాక్టరమ్మ గంటసేపు వివరించింది. అతని చెవికెక్కింది మాత్రం ఒక్క మాటే: “మీ ఒంటికి పడకపోతే ఆపేస్తాం.”

అంటే, నచ్చకపోతే బండి వాపసు. అలాంటి బేరంలో సొట్టలు తనే చూపించుకునేంత అమాయకుడా అతను?

“మొన్న ఆ కొత్త మందు ఎక్కించిన రాత్రంతా వాంతులే. ఒళ్లు కాలిపోయింది...”

“లోపల నువ్వు నోరు విప్పకు. ఏమడిగినా నవ్వు.”

“నాకు నవ్వు రాదు.”

“పెళ్లి ఫొటోల్లో వచ్చిందిగా!”

“అప్పటికి మీ కండిషన్ నాకు తెలీదు.”

నడవాలో ఆయాసం ముంచుకొస్తే, గోడమీది బోర్డు చదువుతున్నట్టు నిలబడి ఊపిరి కూడదీసుకున్నాడు. తర్వాత కాలరు సర్దుకుని లోపలికెళ్లాడు.

“వాంతులేమైనా?” అడిగింది డాక్టరమ్మ.

“అబ్బే.”

“జ్వరం?”

“ఎండల్లో తిరిగిన ఒళ్లమ్మా, జ్వరానికే నేనంటే భయం.”

“ఆకలి వేస్తోందా?”

“ఈవిణ్ణే అడగండి, వండలేక చస్తోంది.”

భార్య నవ్వింది. అంతకన్నా ఏడుపే నయంలా ఉంది.

“ఏదీ దాచొద్దండీ. అన్నీ పరీక్షల్లో తెలియవు. మీ మాటే మాకు ఆధారం.”

“నా మాట మీద ఊళ్లో సగంమంది బళ్లు కొన్నారమ్మా. ఫస్ట్ క్లాస్ కండిషన్!”

డాక్టరమ్మ మొహం విప్పారింది. ఫోన్ తీసి ఎవరితోనో సంబరంగా చెప్పింది: “ఈయనకి ఏమీ లేదట. అవును, అస్సలేమీ లేదట. మొదలుపెట్టేద్దాం.”

అతను భార్య వైపు కన్ను గీటాడు. బేరం కుదిరింది.

మంచమ్మీద చెయ్యి చాపుకుని దర్జాగా పడుకున్నాడు. నర్సు మందు సంచి తెచ్చి స్టాండుకి తగిలించింది.

“ఇదేంటమ్మా, ఇంత లావుంది? పక్కవాళ్లదేమో చూసుకో.”

“మీదేనండీ. ఇవాళ్టి నుంచి రెట్టింపు.”

“రెట్టింపా? దేనికి?”

డాక్టరమ్మ అతని భుజం తట్టింది.

“తట్టుకోలేనని మీరు చెప్పేదాకా డోసు పెంచుతూ పోవడమే కదండీ ఈ ట్రయల్!”