ముందు దూరిన మనిషి

పంతులమ్మకి వరస తప్పితే ఒళ్ళు మండుతుంది. బడిలో కుళాయి దగ్గరైనా సరే, ఆవిడ కళ్ళముందు ఒకరినొకరు దాటడానికి వీల్లేదు.

అలాంటిది, ఆసుపత్రిలో పరీక్ష గదిలోని టెక్నీషియన్ అమ్మాయి తనని పిలిచి, ఫైలు చూసి, “ఒక్క నిమిషం ఆగండి” అని వెనక్కి వెళ్ళడమేమిటి? ఆ వెంటనే, ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాడో, మాసిన చొక్కా పెద్దాయనొకడు తలుపు తోసుకుని లోపలికి దూరడమేమిటి?

తలుపు మూసుకుంది.

“చూశారా వదినా? ముందు నేను కదా వెళ్ళాలి.”

“నీకూ కావాల్సింది అదేగా,” అంది పక్కనున్న ఆడపడుచు. “ఇంకాసేపు తప్పించుకోవచ్చు.”

పంతులమ్మకి వాదించే ఓపిక ఎప్పుడో పోయింది.

ఏం తిన్నా రొమ్ము దగ్గర ఆగిపోతుంది. పడుకుంటే నీళ్ళు కూడా వెనక్కి వస్తాయి. మనిషి చిక్కి సగమైంది. కెమెరా వేసి చూస్తే పుండు లేదు, గడ్డ లేదు. ఏమీ లేదంటే నాటకమేనని ఇంట్లో తేల్చేశారు.

మిగిలింది ఈ ఒత్తిడి పరీక్ష ఒక్కటే. ముక్కులోంచి కడుపు దాకా సన్నటి గొట్టం దించి, మింగినప్పుడు లోపల ఎక్కడెంత ఒత్తిడి పుడుతోందో చూస్తారు. పోయినసారి వేరే అతను వేశాడు. రక్తం వచ్చింది. పంతులమ్మ గొట్టం పీకేసి బయటికి పరుగెత్తింది.

“ఈసారి కూడా పీకావనుకో, మా తమ్ముడు నిన్ను తిన్నగా పిచ్చి డాక్టరు దగ్గరికే తీసుకెళ్తాడు,” అంది ఆడపడుచు.

లోపల్నుంచి ఎవరో ఉక్కిరిబిక్కిరై దగ్గుతున్నారు. పంతులమ్మ బయటికి వెళ్ళే దారి వైపు చూసింది. కాసేపు ఆగి మళ్ళీ అదే దగ్గు.

చివరికి తలుపు తెరుచుకుంది. పెద్దాయన ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

భయమంతా కోపమై ఆయన మీదికి మళ్ళింది.

“వరస అనేది ఒకటుంటుందండీ. ఇంత వయసొచ్చింది, సిగ్గనిపించలేదూ?”

“తప్పే తల్లీ.” ఆయన గొంతు బొంగురుపోయి ఉంది. “వెళ్ళండి. భయపడకండి, ఏం కాదు.”

“భయమని మీతో చెప్పానా? దారి వదలండి.”

ఆయన పక్కకి తప్పుకున్నాడు. గుమ్మంలో నిలబడ్డ టెక్నీషియన్ అమ్మాయి పెదవి కొరుక్కుంది.

లోపల ఇంకో గొట్టం సిద్ధంగా ఉంది. ముక్కుకి మొద్దుబారే మందు రాశారు.

“గడ్డం కిందికి వంచండి. నేను చెప్పగానే నీళ్ళు మింగండి. ఆ, ఇప్పుడు.”

గొట్టం కదిలింది. పంతులమ్మ మంచం అంచు గట్టిగా పట్టుకుంది. గొంతులో ఏదో జారింది, అంతే. దిగిపోయింది.

“పడుకోండి. నేను చెప్పేదాకా ఉమ్మి కూడా మింగకూడదు.”

అసలు కష్టం అదే. మింగొద్దనగానే ప్రాణమంతా గొంతులోకి వచ్చింది. పంతులమ్మ చెయ్యి ముక్కు దగ్గరికి లేచింది. అమ్మాయి ఆ చెయ్యి పట్టుకోలేదు, కసరలేదు.

“పీకేస్తే మీ నొప్పి ఎవరూ నమ్మరండీ,” అంది మెల్లగా. “ఇంకొక్క గుక్క.”

చెయ్యి దిగింది. ఒక్కొక్క గుక్కకీ తెర మీద రంగులు మారుతూ వచ్చాయి.

డాక్టరు వచ్చి తెర చూశాడు. ఆడపడుచుని లోపలికి పిలిచాడు.

“ఇదిగో, అన్నవాహికలో ఈ అడుగు భాగం చూడండి. మింగినప్పుడు ఇక్కడ కండరం వదులు కావాలి. ఈవిడకి బిగుసుకునే ఉంటోంది. తిన్నది కడుపులోకి దిగే దారే లేదు. ఇన్నాళ్ళు ఎలా ఓర్చుకుందో పాపం. చిన్న ఆపరేషన్‌తో సర్దుకుంటుంది.”

ఆడపడుచు తెర దగ్గరికి వంగి చూసింది. పంతులమ్మ మాత్రం పిల్లలా ఏడ్చింది. జబ్బు ఉందని తెలిసి అంత సంతోషించిన మనిషి ఆ ఆసుపత్రిలో ఇంకొకరు ఉండరు.

గొట్టం తీశాక కళ్ళు తుడుచుకుంటూ అడిగింది.

“నీ చెయ్యి చాలా తేలికమ్మా. ఇందాకటి పెద్దాయనకి ఏం తేలింది? నోరు జారాను. ఏ పెద్ద జబ్బో ఏమో.”

“ఆయనకి ఏ జబ్బూ లేదండీ.” అమ్మాయి అటు తిరిగి చేతులు కడుక్కుంటోంది. “బొమ్మ మీద నేర్చుకున్నాను. ఒక్కదాన్నే వెయ్యడం ఈరోజే మొదలు. పోయినసారి మీకు రక్తం వచ్చిందని ఫైల్లో చూసి చెయ్యి వణికింది. నాకు తోడొచ్చిన ఆయనతో చెప్తే, ‘ముందు నాకు వేసి చూడు’ అని వచ్చి కూర్చున్నారు.”

పంతులమ్మ తలుపు వైపు తిరిగింది.

“మొదటిసారి తప్పాను, రక్తం వచ్చింది. రెండోసారి సరిగ్గా దిగింది. ‘ఇక ఆవిడని పిలువు’ అని లేచి వెళ్ళిపోయారు, మా నాన్న.”