గంప మీది కాపలా

ఒక పెరట్లో గంప కింద నల్లపెట్ట ఉండేది. గంప మీద దాని మొగుడు డేగపుంజు కూర్చునేవాడు. కాపలా అట. పెట్టకి నూకలు వెదురు బద్దల సందుల్లోంచే వచ్చేవి, లోకమూ ఆ సందుల్లోంచే కనిపించేది.

"ఏమయ్యా, ఒక్క పూట దిగు. ఆ చిక్కుడు పాదు అవతల ఏముందో చూసొస్తాను."

"పిల్లి ఉంది."

"నిన్నా అదే చెప్పావు."

"నిన్నా ఉంది మరి. అయినా నీకేం తక్కువే? వేళకి నూకలు, నెత్తిన నీడ."

"నెత్తిన నువ్వు కూడా," అంది పెట్ట. "ఇంతకీ నన్ను పెళ్లాడావా, పొదుగుతున్నావా?"

పుంజు ఉక్రోషంతో ఇంకాస్త బరువుగా కూర్చున్నాడు.

ఆ మధ్యాహ్నం చిక్కుడు పాదు నిజంగానే కదిలింది. ఆకుల్లోంచి పిల్లి ఒక్కో అడుగే వేస్తూ వచ్చింది. పెట్ట పైకి చూసింది. మొగుడు లేడు. వంటింటి చూరెక్కి, "కదలకు, నేనున్నాను" అంటున్నాడు.

పిల్లి పంజా గంప అంచు కింద దూరింది. పెట్ట ప్రాణభయంతో ఒక్కసారి పైకి ఎగిరింది. గంప అలవోకగా లేచి, వెళ్లి పిల్లి నెత్తిన పడింది. పిల్లి దాన్ని విదిలించుకుని కంచెలోంచి పారిపోయింది.

'ఇంత తేలికా ఇది' అనుకుంది పెట్ట.

పుంజు రొప్పుతూ దిగొచ్చాడు. "పిల్లి ఉందన్నానా? గంప సరిచేస్తాను, లోపలికి రా."

"సరిచెయ్యి. భయమేస్తే నువ్వే లోపల కూర్చో. పొద్దుగూకేలోగా నేనొచ్చి పైన కూర్చుంటాలే."

పెట్ట చిక్కుడు పాదు వైపే నడిచింది.