తాళం వేసే ముసలిది

“నిన్న రాయనంటివి. ఇయ్యాల రాస్తవ్,” అంటూ ఠాణాలో రైటర్ ముందు కూర్చుని చెప్పడం మొదలుపెట్టాను.

సూర్యాపేట నుంచి కోదాడ దాకా ఏ వారపు అంగడిలోనైనా నా కొడుకు వీరేశం ఒంటికి గొలుసులు చుట్టుకుని ఇనుప పెట్టెలోకి దిగి, తప్పించుకుని బయటికొచ్చే ఆట ఆడతాడు. ముక్కూమొహం తెలియనిదానిలా జనంలోంచి వచ్చి పెట్టెకు తాళం వేసేది నేనే. లోపలి నుంచి తంతే ఊడిపోయే దొంగ తాళం అది.

ఇంట్లో మాత్రం కోడలు కల్పన కాలికి గొలుసు చుట్టి అసలు తాళమే వేస్తాడు. నిన్న గొలుసుతో కొట్టి దాని ముందు పళ్లు రాలగొట్టాడు. నెత్తురు కారుతున్న పిల్లను ఇక్కడికి తీసుకొస్తే ఈ రైటరే నవ్వాడు.

“ఇంటి లొల్లి ఇంట్లనే సూస్కో అవ్వా. కన్నకొడుకు మీద కేసేంది?”

ఈ పొద్దు అంగడిలో వాడు పెట్టెలోకి దిగాడు. నేను తాళం వేశాను. వాడు తన్నాడు, తల బాదుకున్నాడు, అమ్మా అని అరిచాడు. ఆటే అనుకుని జనం ఈలలు వేశారు. ఇంకా వేస్తూనే ఉన్నారు.

రైటర్ అదిరిపడి లేచాడు. “ఏం తాళమేసినవే ముసల్దానా? సచ్చిపోతడు!”

“కల్పన కాలిది. తాళంచెవి నా బొడ్లె ఉన్నది. కూసో బిడ్డా, దాని కేసు రాయి. నువ్వెంత జల్ది రాస్తే నా కొడుకు గంత జల్ది బయటికొస్తడు.”